ఎడమకాలి రెండు వేళ్లు

ఈ పాత దస్తావేజుల గదిలోకి పెన్సిల్ తప్ప కలం తేకూడదన్న నియమం మంచిదే, కలముంటే ఈపాటికి ఆ వరుస కొట్టేసి ఉండేదాన్నేమో, ఛీ, ఏం బుద్ధి నాది, పన్నెండేళ్లు ఈ కనెటికట్ కచేరీల్లో దుమ్ము మింగింది ఇందుకా, మా మూలపురుషుడు హెజకయా పెక్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేశాడనడానికి, యోధుల సమాధులకు కంచు బిళ్ల ఇచ్చే సంఘానికి, సైన్యం హాజరుపట్టీలో పేరొక్కటే చాలదట, తోటి సిపాయి సాక్ష్యం కావాలట, ఇదిగో, ఏసా లూమిస్ ముసలితనంలో పింఛను కోసం జడ్జి ముందు ఇచ్చిన వాంగ్మూలం, మంచులో హెజకయా పెక్ ఎడమకాలి వేళ్లు రెండు కుళ్లి రాలిపోతే నా చొక్కా చింపి కట్టాను, అంతవరకే చదివి, కింది వరుస చూడకుండా, నడవలోకి పరుగెత్తి డోరా అత్తకు ఫోన్ చేశాను, ఎక్కడలేని తొందర నాది.

అత్త ఏడ్చేసింది, ఒసే మెర్సీ, నా బంగారుకొండా, మీ నాన్న లేడే ఇది చూడ్డానికి, శనివారం హెజకయా తాత సమాధి మీద కంచు బిళ్ల నా చేత్తో పెడతానే, నీలం టోపీ కొన్నాను, ఎనభై ఎనిమిదేళ్లకి పెళ్లికూతురినైనట్టుందే అంది, మాకు కుంటడం నేర్పింది అత్తే కదా, జూలై నాలుగు ఊరేగింపులో పెక్ వాళ్ల పిల్లలు ఎడమకాలు ఈడ్చుకుంటూ నడవాలి, అది మా ఇంటి ఆనవాయితీ, సరిగ్గా కుంటవే మొద్దూ, తాత దేశానికి వేళ్లిచ్చాడు, నువ్వు కాస్త మడమనొప్పి ఓర్చుకోలేవా అని వీపు మీద ఒక్కటిచ్చేది, ఊరు ఊరంతా చప్పట్లు కొట్టేది, ఎంత గర్వమో నాకు.

ఆ కింది వరుస, హెజకయా పేరున వచ్చినవాడు హెజకయా కాదు, అతని బానిస పాంపీ, మూడేళ్లు తనకు బదులు సైన్యంలో పనిచేస్తే విడిచిపెడతానని హెజకయా అన్నాడట, బదులు మనిషిని పంపడం అప్పట్లో మామూలే, ఎందరి ఇళ్ల చరిత్రలో చూశానో, మా ఇంట్లో వెతకాలని మాత్రం తోచలేదు, పోనీ విడిచిపెట్టాడేమో, దేవుడా, విడిచిపెట్టి ఉండాలి అనుకుంటూ హెజకయా వీలునామా తెప్పించాను, యుద్ధం ముగిసిన పద్దెనిమిదేళ్లకు రాసింది, కొండకింది పొలం, ఎర్రావు, ఎడమకాలు కుంటి అయిన నల్ల బానిస పాంపీ, ఇవి నా కొడుకు అమోస్‌కు, ఆ అమోస్ సంతతే అత్తా నేనూ.

అమ్మా, మూసే వేళయింది, నకలు ఎంతవరకు తియ్యమంటారు అంటున్నాడు బల్ల దగ్గరాయన, పై వరుస వరకు చాలంటే ఎవరికి తెలుస్తుంది, అత్త టోపీ పెట్టుకుంటుంది, బిళ్ల పెడుతుంది, హాయిగా కన్నుమూస్తుంది, పాంపీ సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అసలు ఉందో లేదో, మొత్తం తీయండి, వీలునామా కూడా, అన్నాను, సంచిలో ఫోన్ మోగుతోంది, అత్తే, చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, లేచి నిలబడితే ఎడమకాలు తిమ్మిరెక్కింది, అలవాటుగా ఈడ్వబోయి ఆగిపోయాను, హెజకయా పాంపీని కొడుక్కి రాసిచ్చాడు, పాంపీ కుంటికాలిని మాత్రం ఎవరూ రాసివ్వకుండానే మేం తీసేసుకున్నాం.