ఆవిరి పోయేదాకా

లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మ కూతురి బడిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. బడివాళ్లు ఎప్పుడు పిలిచినా పని వదిలి వెళ్తే ఆ పూట కూలి పోతుందని వెళ్లేది కాదు. ఈసారి మాత్రం వెళ్లక తప్పలేదు. చదువులో వెనకబడిన పిల్ల టీచరు ముందు పాఠం సాఫీగా చదివితేనే పైతరగతి. లేదంటే మరో ఏడాది అక్కడే.

"నువ్వెళ్లి ఏం చేస్తావు? నీకు అక్షరం ముక్క రాదుగా!" అన్నాడు లాండ్రీ యజమాని.

"అది చదువుతుంటే వింటా బాబూ. రోజూ చేసే పనేగా."

నిజమే. బడి వదలగానే పిల్ల వచ్చి ఆవిరి ఇస్త్రీ మిషను బల్ల పక్కన బట్టల మూటెక్కి గొంతెత్తి చదివేది. అమ్మ చెవి అటే ఉండేది.

"ఇందాక పడవ మునిగిందన్నావు, మళ్లీ ఎక్కాడంటావేంటే? మధ్యలో ఏదో మింగేశావు!"

పిల్ల నాలుక కరుచుకుని, దాటేసిన వాక్యం వెతికి చదివేది.

తరగతి గదిలో అమ్మ తలుపు దగ్గరే ఒదిగి నిలబడింది. పిల్ల నాలుగు మాటలు చదివి ఆగింది. మళ్లీ నాలుగు మాటలు, మళ్లీ ఆగింది.

"తడబడుతోందమ్మా. ఇంకో ఏడాది ఉంచితే మేలేమో," అంది టీచరు నొచ్చుకుంటూ.

అమ్మ కంగారుగా పిల్లవైపు చూసింది. అంతలోనే గమనించింది. ఆగినప్పుడల్లా పిల్ల కళ్లు అమ్మ కాలి వైపే తిరుగుతున్నాయి. ఇస్త్రీ మిషను పెడల్ తొక్కే కాలది. తొక్కగానే ఆవిరి బుస్సుమంటే ఏమీ వినబడదని, "ఆగవే, ఆవిరి పోనీ" అంటూ రోజూ ఆపింది తనే.

పెద్దవాళ్ల ముందు నోరు మెదపని మనిషి గడప దాటి లోపలికొచ్చింది.

"అది తడబాటు కాదు టీచరుగారూ, మా మిషను అలవాటు. ఒసేయ్ వాగుడుకాయా, ఇక్కడ మిషను లేదే! ఆగకుండా చదువు."

"ఆవిరి రాదా?"

"వస్తే నేను చూసుకుంటాలే!"

టీచరు నవ్వాపుకోలేకపోయింది. పిల్ల మొదటినుంచి అందుకుని, పేజీ చివరిదాకా గడగడా చదివేసింది. చదవని పాఠం తీసిస్తే, ఒక్క మాట దగ్గర కూడబలుక్కుని అదీ చదివేసింది.

"పైతరగతికే!" అంది టీచరు. "ఇంట్లో ఎవరు చదివిస్తున్నారమ్మా?"

"ఎవరూ లేరండీ. నేను ఊరికే వింటానంతే."

"ఆ వినడం మానకండి."

ఆ సాయంత్రం లాండ్రీలో పిల్ల కొత్త పాఠం మొదలుపెట్టింది. చొక్కా బల్ల మీద పరిచి ఉంది. అమ్మ కాలు మాత్రం పెడల్ పైన గాల్లోనే ఆగింది.

"కాలు పట్టేసిందా?" అడిగాడు యజమాని.

"లేదు బాబూ. ఆ వాక్యం అవనీ."