ఆయన గొంతు

అబ్బే, ఇది ఆయన గొంతు కానే కాదు, రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టుంది, అనుకుంటూ ఆమె చొక్కా కాలరును కుట్టుమిషన్ సూది కిందికి తోసింది, చెవి వెనక అంటిపెట్టుకున్న ఈ వినికిడి బిళ్లను ఇవాళ డాక్టరమ్మ చేతిలో పెట్టేసి, చాలు తల్లీ, నాకు నా చెవుడే హాయిగా ఉంది అని చెప్పేయాలి, కూతురు పసిగుడ్డుగా ఉన్నప్పుడు తనకొచ్చిన జ్వరం రెండు చెవులూ పట్టుకుపోయింది, ఆ పసిగుడ్డు ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఇన్నేళ్లూ పెదాలు చూసి మాట పోల్చుకుంటూ నెట్టుకురాలేదా ఏమిటి.

ఆపరేషన్ చేసిన రోజే డాక్టరమ్మ చెప్పింది, వినేది చెవి కాదండీ, మెదడు, ఇన్నాళ్లూ ఖాళీగా కూర్చుంది కదా, మళ్లీ పనిలోకి దిగడానికి కాస్త టైం ఇవ్వండి అని, నిజమే, ఒక్కొక్కటే దారికొచ్చాయి, మొదట్లో వడగళ్లు పడ్డట్టు దడదడలాడిన కుట్టుమిషన్ ఇప్పుడు బుద్ధిగా టకటకమంటోంది, కూతురి గొంతైతే నాలుగు రోజులకే అలవాటైపోయింది, పసి ఏడుపు తప్ప దాని మాట ఎప్పుడు విన్నది కనక, పోల్చుకోవడానికి లోపల ఏముందని, ఆయనది అలా కాదే, ఆయన గొంతును ఆమె భద్రంగా దాచుకుంది, నిండుగా, మాట చివర నవ్వు తగిలించుకుని ఉండేది, ఆయన పెదాలు కదిలినప్పుడల్లా ఇన్నేళ్లూ ఆ గొంతే పలికింది, ముద్దు చేసిందీ అదే, పోట్లాడిందీ అదే, బిళ్ల పెట్టుకున్నాక అది మాయమై ఈ గరగర వచ్చి కూర్చుంది, ఎవరో పరాయి మనిషి ఆయన నోటితో మాట్లాడుతున్నట్టు, చెబితే చిన్నబుచ్చుకుంటాడని దిగమింగుకుని ఊరుకుంది, నిన్న బిళ్ల తీసేసి ఆయన పెదాలనే చూస్తూ కూర్చుంటే పాత గొంతు మళ్లీ వచ్చింది, ప్రాణం లేచొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఏమోయ్, బయల్దేరదామా, డాక్టరమ్మ వెళ్లిపోతుంది, అని వెనక నుంచి ఆయన, ఆఁ వస్తున్నా, అంటూ దారం తెంపబోయి ఆగింది, తల తిప్పలేదే, పెదాలు చూడలేదే, మాట ఎలా అందింది, అందింది సరే, ఆ గరగర మాత్రం పోలేదు, పక్కన గుండీలు కుడుతున్న కూతురి మోచెయ్యి పట్టుకుని అడిగింది, మీ నాన్న గొంతు నీకెలా వినిపిస్తుందే, ఎలా ఏంటమ్మా, బొంగురుగా, మధ్యమధ్య తెగుతూ, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతేగా, బస్సులో టిక్కెట్లు కొడుతూ ముందుకు జరగండి జరగండి అని అరిచీ అరిచీ, ఇంటికొచ్చాక నీకు వినపడుతుందేమోనని ఇంకా గట్టిగా అరిచీ, పెదాలు కదిపితే చాలని తెలిసినా మానేవాడా, ఇంక గొంతెక్కడ మిగుల్తుంది, నీకు తెలీదా.

తెలీదు, ఎవరు చెప్పారు కనక, జుట్టు నెరవడం చూసింది, పొట్ట పెరగడం చూసి వెక్కిరించింది, గొంతొక్కటే ఆమె లోపల పెళ్లినాటి వయసులో ఆగిపోయింది, ఈ బిళ్ల పాపం ఉన్నదున్నట్టే చెబుతోంది, అబద్ధం చెప్పింది తన బుర్రే, ప్రేమకొద్దీ చెప్పింది, ఏమోయ్, అని మళ్లీ కేక, మధ్యలో తెగి, దగ్గి, మళ్లీ అతుక్కుని, ఇంకోసారి పిలవండి, అంది ఆమె, దేనికీ, అన్నాడాయన తెల్లబోయి, ఊరికే, పిలవండి, ఆయన పిలిచాడు, అవును, ఇదే, తను వినలేని ఏళ్లన్నీ తనను పిలిచి పిలిచి అరిగిపోయిన ఆయన గొంతే ఇది.