నిలబెట్టి లేచిన కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. తుమ్మచెక్క ఒళ్ళు, ఇనుప నడుము, కొసన కొబ్బరి కోరడానికి పదకొండు పళ్ళు. పళ్ళున్నాయి గాని నోరు లేదు. అది ఎంత పెద్ద లోపమో చాలాకాలం నాకు తెలియలేదు.

సామర్లకోట సంత పక్కన గవర్రాజు కొలిమిలో పుట్టాను. నాలోని ఇనుము అంతకుముందు ఒక లారీకి కమాను పట్టీ. గవర్రాజు దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ళతొట్టిలో ముంచి, వంపు తిప్పి చెక్కలోకి దిగ్గొట్టాడు. గోటిమీద ఆనించి పదును చూసుకున్నాడు.

"ఇది కాయనీ వేలినీ ఒక్కలాగే చూస్తాదమ్మా, జాగర్త" అన్నాడు, కొనడానికి వచ్చిన కొత్త పెళ్ళికూతురితో.

"అలాటిదే కావాలి" అంది ఆవిడ. పేరు హైమావతి. అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

ఆ తరవాత యాభయ్యారేళ్ళు నేను ఆవిడ వంటింట్లో తూర్పుగోడ వారగా బతికాను. నా మీద ఆవిడ తప్ప ఎవరూ కూర్చోకూడదు. నెలకోసారి ఆముదం రాసేది. పని అయ్యాక గుడ్డతో తుడిచి, పక్కకు పడుకోబెట్టి, కత్తి గోడవైపు తిప్పి, ఆ గుడ్డే పైన కప్పి అప్పుడు లేచేది. కత్తిపీటను నిలబెట్టి లేస్తే ఇంట్లో పోట్లాటలు వస్తాయని పెద్దవాళ్ళు చెప్పే మాట. పిల్లలు పడి కోసుకుంటారని అసలు భయం. పోట్లాటలకు నా సాయం అక్కర్లేదని ఆ ఇంట్లో అడుగుపెట్టిన నెలలోపే తెలుసుకున్నాను.

ముప్ఫై రెండేళ్ళ కిందట హైమావతి కొడుకు సత్యానికి పెళ్ళయింది. కోడలు ప్రసూన తునిలో ఒక బడిపంతులుగారి కూతురు. కాపురానికి వచ్చిన మూడో నెలలో ఆయన కూతుర్ని చూడటానికి వచ్చారు. హైమావతి వడ్డిస్తూ, బెండకాయలు తరగమని ప్రసూనను మొదటిసారి నా మీద కూర్చోబెట్టింది. సగం తరిగేసరికి తండ్రి మంచినీళ్ళు అడిగారు. ఆ గొంతు వినగానే ఆ పిల్ల నన్ను అలాగే నిలబెట్టి చెంబు పట్టుకుని పరుగెత్తింది.

హైమావతి కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది.

"మాస్టారూ, ఊళ్ళో పిల్లలందరికీ పాఠాలు చెబుతారటగా. ఇంట్లో పిల్లకి ఒకటి మర్చిపోయారు. కత్తిపీట పడుకోబెట్టి లేవాలని. ఇలా వచ్చి మీరే చూపించండి, నేర్చుకుంటుంది."

ఆయన నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు. విస్తట్లో మజ్జిగన్నం కలుపుకుని ఉన్నారాయన. ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని లేచి వచ్చి, ఎడంచేత్తో నన్ను పడుకోబెట్టారు. ఆ చెయ్యి తడిగా ఉంది. మధ్యలో లేచిన విస్తరి ముందు మళ్ళీ కూర్చోరు కదా, పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. తరవాత ఆయన ఆ ఇంటికి వచ్చారు గాని ఎప్పుడూ భోజనం చెయ్యలేదు. "తినే వచ్చానమ్మా" అనేవారు. నాలుగేళ్ళకు పోయారు.

చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ప్రసూన మొహం నేను చూశాను. అందులో ఏడుపు లేదు. పాఠం నేర్చుకునే పిల్ల మొహం అది.

ఇక ఈ మధ్య సంగతికి వస్తాను. హైమావతికి డెబ్బై అయిదు నిండాయి. ఆ వేసవిలో ఇంట్లో మూడు శుభకార్యాలు కలిశాయి. ఆడపడుచు మనవరాలి నిశ్చితార్థం, సత్యం గడువుకు ముందే తీసుకున్న ఉద్యోగ విరమణ భోజనాలు, ఆఖరున మునిమనవడి అన్నప్రాశన. క్యాలెండరు కాగితం వెనక ఆవిడ పనుల జాబితా రాసింది. ఇల్లంతా సున్నం. గేటుకు ఆకుపచ్చ రంగు. డాబా మీద గుమ్మడి వడియాలు. పాత చీరలు చింపి మునిమనవడికి ఆరు బొంతలు. దొడ్లో తులసికోట చుట్టూ సిమెంటు అరుగు. తాపీమేస్త్రీ పక్కన నిలబడి తాడు పట్టి వంకర చూపించేది. "ఈ వయసులో ఏం ఓపికండీ మామ్మగారిది" అని వచ్చినవాళ్ళందరూ అనేవారు. ఆ ఓపిక కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరూ చూసేవారు కాదు. చూసినా హైమావతే చెప్పేది:

"మా కోడలండీ. పట్టుకోవడం బాగా వచ్చు. అది తప్పితే అన్నీ నేనే చూసుకోవాలి."

జాబితాలో ఒక్క పనీ ఆవిడ మర్చిపోలేదు. ఎన్ని కొబ్బరికాయలు కావాలో, ఎవరి పిల్లకు వంకాయ పడదో, సున్నంలో నీలిమందు ఎంత కలపాలో ఆవిడకే తెలుసు. ఆ తెలియడంలోనే ఆవిడ ప్రాణం ఉండేది.

ఒకరోజు సత్యం నెమ్మదిగా, "అమ్మా, ఇంక వంటిల్లు ప్రసూనకి ఒదిలేసి కూర్చోరాదూ" అన్నాడు.

"నా బుర్ర పనిచెయ్యడం మానేసిన రోజున చెప్పు, కూర్చుంటాను. అప్పటిదాకా ఆ పీట నాది" అంది ఆవిడ, ఆనపకాయను రెండు చెక్కలు చేస్తూ. ప్రసూన పొయ్యి దగ్గర పాలు చూస్తోంది. పాలు పొంగాయి. ప్రసూన అటు తిరిగి ఉన్నా చూడలేదు.

అన్నప్రాశన రోజు తెల్లవారే హైమావతి నా మీద కూర్చుంది. కంద, గుమ్మడి, అరటికాయ, అరవైమందికి సరిపడా. ముక్కలన్నీ ఒక్క కొలత. కందకు చెయ్యి దురద పెడుతున్నా లెక్కచెయ్యలేదు.

ముహూర్తానికి పిల్లవాడికి పాయసం నాకించి, ఎదురుగా పళ్ళెంలో గొలుసు, పుస్తకం, కలం, చిన్న చాకు పెట్టారు. ఏది పట్టుకుంటే పెద్దయ్యాక ఆ దారి పడతాడని సరదా. ఎనిమిదో నెల పిల్లాడు, పాకడం కొత్తగా వచ్చింది. తిన్నగా పాకి చాకు పట్టుకున్నాడు. తల్లి శ్రావ్య కంగారుగా లాక్కుంది. అందరూ నవ్వారు. శ్రావ్య ప్రసూన కూతురే.

"నా కత్తిపీటకి వారసుడొచ్చాడర్రా" అంది హైమావతి. ఆ నెలంతటికీ అంత సంతోషంగా ఆవిడ అన్న మాట అదొక్కటే.

మొదటి బంతి లేచింది. మజ్జిగలోకి కొత్తిమీర తరిగి ఇచ్చాక, శ్రావ్య అత్తగారు ఇందుమతి బలవంతం చేస్తే హైమావతి రెండో బంతిలో భోజనానికి లేచింది. లేచేముందు నన్ను తుడిచింది. పడుకోబెట్టింది. కత్తి గోడవైపు తిప్పింది. గుడ్డ కప్పింది. ఇది నేను ఒట్టేసి చెప్పగలను. నా మాట వినేవాళ్ళే లేరు.

కాసేపటికి మనవణ్ణి చంకనేసుకుని ప్రసూన వంటింట్లోకి వచ్చింది. ఎవరూ లేరు. నా ముందు నిలబడి చాలాసేపు చూసింది. తరవాత వంగి, గుడ్డ తీసి పక్కన పడేసి, నన్ను నిలబెట్టింది. పిల్లవాణ్ణి మాత్రం చంక దింపలేదు. దింపవలసిన పని లేదు. దింపినట్టు చెబితే చాలు.

హాల్లోకి వెళ్ళి ఆవిడ కూడా కేకలు వెయ్యలేదు.

"అత్తయ్యగారూ, ఒక్కసారి ఇలా వస్తారా? పిల్లాడు పాక్కుంటూ కత్తిపీట దాకా వెళ్ళిపోయాడు. ఆ కొస పట్టుకోబోతుంటే నేను చూడబట్టి సరిపోయింది. ఎవరు నిలబెట్టి లేచారో మరి."

దాని మీద కూర్చునేది ఎవరో ఆ ఇంట్లో చుట్టాలకు సైతం తెలుసు. ఇందాక చాకు పట్టుకున్న పిల్లాడాయె, ఆ మాట నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు. శ్రావ్య పరుగున వచ్చి బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసుకుంది.

"నేను పడుకోబెట్టే లేచాను" అంది హైమావతి.

"పెద్దవారయ్యారు కదండీ" అంది ఇందుమతి, ఎంతో దయగా. "మా అమ్మక్కూడా ఇలాగే మొదలైంది."

"గుడ్డ కూడా కప్పాను, ప్రసూనా."

"గుడ్డ కిందుందండీ."

సత్యం లేవబోయాడు. "పోనీలే, ఎవరో ఒకరు పడుకోబెడితే సరి."

"మీరు కూర్చోండి" అంది ప్రసూన. "నిలబెట్టినవాళ్ళ తాలూకు మనుషులు విస్తట్లోంచి లేచొచ్చినా పడుకోబెట్టాలి. ఈ ఇంటి పద్ధతి అది. మా నాన్నగారికి అత్తయ్యగారే నేర్పారు."

హైమావతి తలెత్తి కోడలి వంక చూసింది. ఆ చూపులో ఒక్క క్షణం అంతా అర్థమైనట్టే అనిపించింది నాకు. అరవై జతల కళ్ళు తన మీద ఉన్నాయి. విస్తట్లో పెరుగన్నం ఉంది. ఆవిడ ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని లేచి వచ్చి, ఎడంచేత్తో నన్ను పడుకోబెట్టింది. ఆ చెయ్యి తడిగా ఉంది. చెమట తడి విషయంలో మనుషులంతా ఒకటేనని నేను రెండోసారి తెలుసుకున్నాను. తిరిగి విస్తరి దగ్గరకు వెళ్ళలేదు.

ఆ రోజు సాయంత్రం దాకా "నేను పెట్టే లేచాను" అంది. మర్నాడు "పెట్టాననే గుర్తు" అంది. వారం తిరక్కుండా, "పెట్టానంటావా?" అని ప్రసూననే అడిగింది.

ఇనుముకు తుప్పు బయటనుంచి పడుతుంది, గీకితే పోతుంది. ఆవిడకు లోపల పట్టింది. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి నన్ను తడిమి చూసుకునేది. పది నిమిషాలకు మళ్ళీ వచ్చేది. ఉప్పు వేశానా, గేటు వేశానా, మందు మింగానా, అన్నీ అడగడం మొదలుపెట్టింది. అడిగినవాటికల్లా ప్రసూన ఓపిగ్గా జవాబు చెప్పేది. వేసినవాటికి "వెయ్యలేదండీ" అని, వెయ్యనివాటికి "ఇందాకే వేశారుగా" అని. కూరలో రెండుసార్లు ఉప్పు పడ్డ రోజున సత్యం తల్లి చెయ్యి పట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆరు బొంతల్లో నాలుగయ్యాయి. అయిదోది సూది గుచ్చినచోటే ఆగింది. గేటు ఒక రెక్క ఆకుపచ్చగా, ఒక రెక్క తుప్పుగా మిగిలింది.

పీట ప్రసూనదైంది. మూడే మూడు రోజులు కూర్చుంది నా మీద. మోకాళ్ళు నొప్పులన్నాయి. గట్టు మీద ప్లాస్టిక్ పలక, చిన్న చాకు వచ్చాయి. నన్ను ఆ సగం కుట్టిన బొంతలో చుట్టి అటక మీద పెట్టించింది. ముప్ఫయ్యొక్కేళ్ళు కోరుకున్నది ఆ పీట కాదని అప్పుడు తెలిసింది నాకు.

అటక మీదికొచ్చి ఏడాదిన్నర దాటింది. బొంత ఒక మూల జారి వంటిల్లు కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రతిరోజూ హాల్లోంచి ఒక గొంతు వస్తుంది. ఇప్పుడది చాలా చిన్న గొంతు.

"ప్రసూనా, కత్తిపీట పడుకోబెట్టానా?"

ప్రసూన చెయ్యి తుడుచుకుంటుంది. తొందరపడదు.

"లేదత్తయ్యగారూ. నిలబెట్టి లేచారు. వచ్చి పడుకోబెట్టండి, మళ్ళీ పిల్లాడొస్తాడు."

హైమావతి గోడ పట్టుకుని వస్తుంది. తూర్పుగోడ దగ్గర ఆగి, మోకాళ్ళు కూడదీసుకుని, నెమ్మదిగా గొంతుక్కూర్చుంటుంది. ఎడంచేత్తో ఖాళీ నేలను తడుముతుంది. తడిమి తడిమి, ఏదో దొరికినట్టు పట్టుకుని, జాగ్రత్తగా పక్కకు వంచి, గోడవైపు తిప్పుతుంది. చెంగు తీసి దాని మీద కప్పుతుంది.

"పెట్టాను, చూడు" అంటుంది.

నేను పైన పడుకునే ఉన్నాను. గోడవైపు తిరిగి.