కూత పెట్టే బోరు

నంద్యాల దాటి రైలు నల్లమలలోకి ఎక్కుతుంటే ఫెబీ బొచ్చు తొడుగు వేసిన మైకును కిటికీ చువ్వలకు దగ్గరగా పట్టుకుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. సొరంగంలో దూరగానే బోగీ అంతా గుయ్యిమని మోగింది. ఆ మోత చివరిదాకా వినాలని కళ్లు మూసుకుంది. వెలుతురులోకి వచ్చాక చూస్తే, ఎదురు సీట్లో నల్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఆమె చేతి వంకే చూస్తున్నాడు.

“ఏంది పాపా అది? ఎలుగ్గొడ్డు పిల్ల మాదిరి ఉండాది.”

“మైకు, పెదనాయనా. గాలి కొట్టకుండా ఆ బొచ్చు.”

“రైలు మోత పట్టుకొని ఏం చేసుకుంటావు?”

ఈ ప్రశ్నకు ఫెబీ ఊరికో జవాబు చెప్పేది. బెంగళూరులోనో పుణెలోనో అయితే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే సరిపోయేది. మార్కాపురంలో ఇంటి ఓనరుకు కీబోర్డు నేర్చుకుంటున్నానని చెప్పింది. పెళ్లి ఊరేగింపుకు డీజే పెడతావా అని అడిగినవాళ్లకు నవ్వి తల అడ్డంగా ఊపేది. తల్లి మగ్దలీనమ్మ మాత్రం చర్చిలో అందరికీ “మా పాప కంప్యూటర్లో చప్పుళ్లు కుడతాది” అని చెప్పేది. ఫెబీకి ఆ మాటే నచ్చేది.

“చప్పుళ్లు కుడతా పెదనాయనా. దీన్ని సాగదీసి, కత్తిరించి, కింద దరువు పెడితే పాటయితాది.”

పెద్దాయన దాన్ని వింత అనుకోలేదు. పేరు నరసింహులు, పుల్లలచెరువు పక్క పల్లె, నంద్యాలలో కంటి ఆపరేషను చేయించుకుని వస్తున్నాడు.

“అట్లయితే నువ్వు మా చేనికి రావాల. మా బోరు కూత పెడతాది.”

“నీళ్లొచ్చేటప్పుడా?”

“నీళ్లు యాడియి? ఎండిపోయిన బోరు. బత్తాయి తోటతో పాటే అదీ పోయింది. ఇప్పుడు ఒట్టి బొక్క. ఉన్నట్టుండి ఊఁ అని మూలుగుతాది. మా ఇంటామె అటు పక్కకే పోదు. ఏడుస్తాండాదంటాది.”

“గాలికి అట్ల మోగుతాదేమో.”

“ఆకు కదలనప్పుడు గూడా మోగుతాది పాపా.”

ఆ మాట ఫెబీని వదల్లేదు. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగేలోపే ఆయన ఫోన్ నంబరు తీసుకుంది.

ఆమె మేడగది పలకల ఫ్యాక్టరీల వెనకాల ఉంది. గోడలకు తల్లి కుట్టిన పాత బొంతలు వేలాడదీసి ఉంటాయి, మోత బయటకు పోకుండా, బయటి మోత లోపలికి రాకుండా. రాయి కోసే మిషన్లు మొదలయ్యేలోపు లేచి పని చేసుకునేది. అవి మొదలయ్యాక వంట, బట్టలు, ఈమెయిళ్లు. నెలలో కొన్ని రోజులు తన పాటలు వాయించే ఆటలకు బ్యాగు భుజానేసుకుని పోయేది: రైలు, బస్సు, ఎవరో స్నేహితురాలి ఇంట్లో నేల మీద పరుపు. స్టేషన్ల దగ్గర పోలీసులు బ్యాగులో వైర్లు, మీటలున్న పెట్టె చూసి పక్కకు పిలిస్తే, ఆమె మీట నొక్కి వినిపించేది. ఒకసారి ఒక కానిస్టేబులు ఇంకోసారి నొక్కమన్నాడు. ఆటకు ముందు ఖాళీ హాలులో స్పీకర్లు సరిచూసుకునే ఆ కాసేపంటే ఆమెకు ప్రాణం. జనం వచ్చాక సగం మంది మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. మొన్న గోవాలో ఒకతను వచ్చి “చాలా బాగుంది, మాటలకు అడ్డం రాలేదు” అని మెచ్చుకుపోయాడు. అప్పటినుంచి ఆమెకు తను చేసేవన్నీ ఒకేలా వినపడుతున్నాయి.

ఆ వారంలోనే పుల్లలచెరువు బస్సెక్కింది. నరసింహులు మోపెడ్ మీద వచ్చి చేనికి తీసుకుపోయాడు. గులకరాళ్ల ఎర్రనేల, మోకాలెత్తు కంది. మధ్యలో నేలలోంచి పైకి లేచిన ఇనప గొట్టం, పిల్లలు పడకుండా దాని మీద బండ, బండ కదలకుండా ఇంకో రెండు రాళ్లు. బండకు ఒక మూల పగిలి కొంచెం సందుంది. నరసింహులు భార్య వెంకటసుబ్బులమ్మ గట్టు దగ్గరే ఆగిపోయింది.

బోరు మాట్లాడలేదు. ఫెబీ గొట్టానికి బిళ్లలాంటి చిన్న మైకు అంటించింది. ఇనుము లోపలి అదురు కూడా పట్టే మైకు అది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోతున తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నటి ఝుమ్మనే మోత వినపడింది. అది ఉన్నట్టుండి తెగిపోయింది. ఫెబీ హెడ్‌ఫోన్లు తీయబోతుంటే, బండ సందులోంచి ఊఁ అని మొదలైంది. చాలా కింది స్వరం. చెవుల కంటే ముందు పొట్టకు తెలిసింది. కందికొమ్మ ఒక్కటీ కదలడం లేదు.

“చెప్పలా?” అన్నాడు నరసింహులు సంబరంగా. అది తనే కనిపెట్టినట్టు.

“పెద్దమ్మా, దూది ఉందా?” అని కేకేసింది ఫెబీ.

వెంకటసుబ్బులమ్మ ఎందుకని అడగలేదు. ఇంటికి పోయి, వత్తుల కోసం దాచుకున్న దూది తెచ్చింది. ఇవ్వడానికి బోరు దాకా రావాల్సి వచ్చింది. ఫెబీ ఒక పింజ సందు దగ్గర పెట్టగానే అది ఎగిరి ముసలామె కొప్పులో పడింది.

“ఓయమ్మ! ఊపిరొదుల్తాండాది!”

“మరి పీల్చుకునేది ఎప్పుడో చూడాల గదా,” అంది ఫెబీ.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుంది. మర్నాడు పొద్దున త్రీఫేజు కరెంటు వచ్చిన కాసేపటికి ఆ తుమ్మెద మోత మళ్లీ మొదలైంది. ఈసారి దూది లోపలికి లాక్కుపోయింది. బండ సందు సన్నగా ఈలలాగా మోగింది. ఫెబీ హెడ్‌ఫోన్లు తీసి చుట్టూ చూసింది. వాగు అవతల పచ్చగా మిరపచేను, దాని పక్కన మోటరు పెట్టె.

“ఆ చేను ఎవరిది?”

“జ్ఞానయ్యది. మీవాళ్లే, చర్చికి పోతాడు. నా బోరు ఎండినాక ఆయన లోతుగా వేయించినాడు. అదృష్టవంతుడు.”

జ్ఞానయ్యను అడిగితే నవ్వాడు. అయినా ఫోన్ పట్టుకుని మోటరు దగ్గర నిలబడ్డాడు. ఫెబీ ఇక్కడినుంచి ఆపమంటే ఆపాడు, వేయమంటే వేశాడు. ఆపిన కాసేపటికి దూది పైకి ఎగిరింది. వేసిన కాసేపటికి లోపలికి పోయింది. మళ్లీ, మళ్లీ చూశారు. వెంకటసుబ్బులమ్మ చిన్నపిల్లలాగా పింజలు విడదీసి అందిస్తోంది. బోరు ఏడుస్తోందన్న మాటే ఆమె మర్చిపోయింది. జ్ఞానయ్య ఆగలేక వాగు దాటి పరిగెత్తుకొచ్చాడు.

“ఎట్లమ్మా? నేను యాడనో మీట నొక్కితే ఇది యాడనో పలుకుతాది?”

“కింద రెంటికీ ఒకటే సందు ఉన్నట్టుంది చిన్నాయనా. నీ మోటరు నీళ్లు లాగితే కింద ఖాళీ అయి, ఇది గాలి మింగుతాది. ఆపితే నీళ్లు ఊరి, ఆ గాలిని బయటికి నెడతాయి.” ఫెబీ సంతోషంగా చెప్పుకుపోతోంది. నరసింహులు ముఖం ఆమె చూడలేదు.

“అంటే,” అన్నాడాయన మెల్లగా, “నా చేని కింద నీళ్లు వీని మోటర్లో పడతాండాయి.”

వెంకటసుబ్బులమ్మ మిగిలిన దూదిని కొంగులో మూట కట్టేసింది.

“అన్నా, నీది ఎండినాకనే గదా నేను వేసింది,” అన్నాడు జ్ఞానయ్య.

“ఎండిందో, కింద మిగిలిన తడి గూడా నువ్వు లాగినావో, ఎవురికి తెలుసు?”

“ఇన్నేండ్లు నీ చేలో కూలికొచ్చినా. ఏనాడన్నా ఒక కంకి దాచుకున్నానా అన్నా?”

నరసింహులు మోపెడ్ తీసుకుని వెళ్లిపోయాడు. జ్ఞానయ్య ఫెబీ వైపు చూశాడు. “మంచి పనే చేస్తివి తల్లీ,” అని వాగు దిగిపోయాడు. తిట్టినా బాగుండేది అనుకుంది ఫెబీ.

మార్కాపురం వచ్చి ఆ రికార్డింగు విన్నది. ఇంత మంచి మోత తన దగ్గర ఎప్పుడూ లేదు. కానీ దూది ఎగిరిన చోట వెంకటసుబ్బులమ్మ నవ్వు, ఆ తర్వాత ఆ మాటలు, అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని కత్తిరించడానికి చెయ్యి రాలేదు. బెంగళూరు ఆటకు పాతవే పట్టుకుపోయింది, పాతవే వాయించింది. చప్పట్లు కొట్టారు. తిరుగు రైల్లో సొరంగం వచ్చినా మైకు బయటికి తీయలేదు.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. వెంకటసుబ్బులమ్మ.

“పాపా, మా ఆయన జ్ఞానయ్యతో మాట్లాడ్డంలా. జ్ఞానయ్యేమో మా పక్క చూడ్డంలా. అది అట్ల పెట్టు. నాకొకటి చెప్పు. మా బోరులో నీళ్లు పోస్తే యాడికి పోతాయి?”

“నాకు తెలీదు పెద్దమ్మా. ఆ సందులోకే పోవాల.”

“అంటే కింద ఉండేది ఒకే కుండ. మూతులు రెండు. తాగేదానికి వాని మూతి. పోసేదానికి మా మూతి. వానొస్తే మా చేలో నీళ్లన్నీ వాగులో పడి పోతాయి గదా, వాటిని ఇందులోకి మళ్లిస్తే?”

తను మోత దగ్గరే ఆగిపోయింది. ఈమె అక్కడినుంచి ముందుకు పోయింది.

“ఆ మాట పెదనాయనకు చెప్పినావా?”

“నేను చెప్తే వినడు. కనిపెట్టింది నువ్వు. రా.”

ఫెబీ వెళ్లింది, ముందు వాగు అవతలికి. జ్ఞానయ్య మిరపకు మందు కొడుతున్నాడు. పంపు దించకుండానే విన్నాడు. ఉపాధి పనిలో ఇట్లాంటి గుంతలు తీశానని, బోరు చుట్టూ గుంత తవ్వి, గొట్టానికి బెజ్జాలు వేసి, కంకర, ఇసుక పోస్తే బురద లోపలికి పోదని చెప్పాడు. మళ్లీ మందు కొట్టసాగాడు. తర్వాత, “ఆయన పిలిస్తే వస్తా. పిలవకుంటే రాను,” అన్నాడు.

నరసింహులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్య మాట, జ్ఞానయ్య మాట రెండూ ఫెబీ నోట విన్నాడు.

“నా చేలో గుంత తీసి, నా వాన పోసి, వాని మిరపకు నీళ్లు పెట్టాల్నా?”

“ఆ నీళ్లు మనకు గూడా ఇస్తాడులే,” అంది వెంకటసుబ్బులమ్మ లోపలినుంచి. “అడిగితే గదా తెలిసేది. అడగనోనికి ఎవురిస్తారు?”

ఆయన చాలాసేపు నల్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత ఫెబీ వైపు తిరిగాడు.

“గుంత తీసి కంకర పోస్తే, ఆ కూత ఉంటాదా?”

“ఉండదు పెదనాయనా. గాలి కంకరలో చెదిరిపోతాది.”

“అట్లనా,” అన్నాడు. ఆయన సాయంత్రాలు చేనికి పోయి కూర్చునేది దాని కోసమేనని ఫెబీకి అప్పుడు అర్థమైంది. తోట పోయాక ఆ చేలో పలకరించేది అదొక్కటే. “పోనీలే. నీకేమన్నా కావాల్నంటే ముందే పట్టుకో.”

అడగాలంటే ఆమెకు సిగ్గేసింది. వానలు దగ్గరపడుతున్నాయి. అయినా అడిగింది, “ఒక్క రోజు.”

ఆ రోజంతా నలుగురూ చేలోనే ఉన్నారు. నరసింహులు పిలిచాడో లేదో ఫెబీకి తెలీదు గానీ, జ్ఞానయ్య పార తీసుకునే వచ్చాడు. కరెంటు వచ్చినప్పుడు ఈల, పోయినప్పుడు ఊఁకారం, మధ్యలో లోతైన నిశ్శబ్దం. అన్నీ పట్టుకుంది. మగవాళ్లిద్దరూ గట్టున కూర్చుని, మాట్లాడితే రికార్డింగు పాడవుతుందన్న సాకు పెట్టుకున్నారు. పొద్దు వాలాక జ్ఞానయ్య హెడ్‌ఫోన్లు అడిగి తీసుకున్నాడు. తన మోటరు మోత భూమిలోంచి వస్తుంటే నోరు తెరుచుకుని విన్నాడు. వాటిని తీసి నరసింహులు చేతికిచ్చాడు.

“విను అన్నా. నీ కింద నా మోటరు.”

నరసింహులు విన్నాడు. “బేరింగు పోయేటట్టుండాది రా, చూసుకో,” అన్నాడు.

మర్నాడు గుంత తవ్వారు.

ఆ ఏడు వానలు మామూలుగానే పడ్డాయి, గొప్పగా ఏమీ కాదు. అయినా జ్ఞానయ్య మోటరు వేసవి ముదిరినా నీళ్లు పోసింది. వాగు మీదుగా ఒక పైపు నరసింహులు చేనికి వచ్చింది. దాంతో బత్తాయి తోట రాదు. దొడ్లో కూరగాయలు, కందికి ఒక తడి, అంతే. అది బోరు వల్లనో, వాన వల్లనో ఎవరూ గట్టిగా చెప్పలేరు. వెంకటసుబ్బులమ్మ మాత్రం చెప్పగలదు.

ఫెబీ ఆ మోతతో ఒక పొడవాటి పాట కట్టింది. దరువు పెట్టలేదు. పుణెలో వాయించినప్పుడు మొదట్లోనే కొందరు లేచి బయటికి పోయారు. మిగిలినవాళ్లు మాటలాపారు. ఆట అయ్యాక ఒకమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని, “ఇదేం వాద్యం?” అని అడిగింది. ఫెబీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడితే హాలు తలుపులు వేసేవాళ్లు వచ్చి లేపాల్సి వచ్చింది.

ఈ కథ ఆమె కంటే ముందే చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. దొనకొండ పక్కనుంచి ఒకాయన ఫోన్ చేసి, తమ బావిలో మాట్లాడితే రెండుసార్లు బదులొస్తుందని చెప్పాడు. పోయి చూస్తే ఒకసారే వచ్చింది. మొన్న కనిగిరి వైపునుంచి ఒకామె చేసింది.

“అమ్మా, బోర్లు చూసే పాపవి నువ్వేనా? మా బోరు కూత పెట్టదు గానీ, తెల్లారుజామున చేపల వాసనొస్తాది. చేపలు యాడియమ్మా మా ఊళ్లో? చప్పుడు లేనియ్యి గూడా చూస్తావా?”

వాసనను మైకు ఎట్లా పట్టుకుంటుందో ఫెబీకి తెలీదు. అయినా బ్యాగులో బ్యాటరీలు సర్దుకుని, కనిగిరికి పొద్దున బస్సు ఎప్పుడుందో అడిగింది.