ఉప్మాకు ఎనభై, దోసెకు డెబ్బై

అశోక్‌నగర్‌లో అన్నపూర్ణ గారి ఆడపిల్లల హాస్టల్లో ఆదివారం టిఫిన్ మీద పెద్ద రభస అయింది. ఉప్మానా, దోసెనా? గొడవ తేల్చడానికి ఆవిడ భోజనాల దగ్గర చేతులెత్తించారు; రెండూ ఇష్టమైతే రెండుసార్లూ ఎత్తొచ్చు. నూటికి ఎనభై మంది ఉప్మాకు ఎత్తారు, డెబ్బై మంది దోసెకు.

"అయితే ఒక వారం అదీ, ఒక వారం ఇదీ" అని తేల్చేశారు. "రెండూ తినేవాళ్లు ఎందరుంటారమ్మా? ఏ నలుగురో ఐదుగురో."

జగిత్యాల వైపు నుంచి గ్రూప్స్‌కు చదవడానికి వచ్చిన వీణ చెవులు నిక్కబొడుచుకున్నాయి. చిక్కడపల్లి లైబ్రరీలో ఆ పొద్దున్నే ఇలాంటి లెక్క ఒకటి ఆమెను ఏడిపించింది. ఎనభై శాతాన్ని డెబ్బై శాతంతో గుణించి యాభై ఆరని రాసి, తప్పని తెలిసి తిట్టుకుని, చివరికెలాగో దారి పట్టుకుంది. పైగా ఆమెకు ఉప్మా వాసనే పడదు. వారం వారం దోసె దక్కాలంటే ఇదే అదను.

"ఆంటీ, రెండూ తినేటోళ్లు సగం మంది ఉంటే?"

"ఉంటే ప్రతి ఆదివారం రెండూ చేయిస్తాను, పో!"

"మాట తప్పొద్దు మరి." వీణ బల్ల మీద పది ప్లేట్లు వరసగా పరిచింది. "పదిమందే అనుకోండ్రి. ఈ కొస నుంచి ఎనిమిదింట్ల ఉప్మా పెట్టినమనుకుందాం. దోసెలు ఏడు. ఉప్మా లేని ప్లేట్లల్లనే ముందు పెట్టుండ్రి."

అన్నపూర్ణ గారు ఆ చివరి రెండు ప్లేట్లలో ఉత్తుత్తి దోసెలు వేశారు. ఇంకా ఐదు మిగిలాయి. ఎక్కడ వేద్దామన్నా ఉప్మా ప్లేట్లే.

"ఎంత తప్పించినా ఐదింట్ల రెండూ పడతయ్. తక్కువల తక్కువ సగం. ఎక్కువంటే ఏడు."

"ఐదా, ఏడా? పప్పు నానబోసుకోవాలి, సరిగ్గా చెప్పు."

"గది లెక్కల తేలదాంటీ. అడగాలె."

అడిగారు. లెక్క గెలిచిన హుషారులో, రెండూ తినేవాళ్లలో అందరికన్నా ముందు వీణ చెయ్యే లేచింది. ఆమె రూమ్మేట్ నిహారిక చున్నీ నోటికడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. అది అన్నపూర్ణ గారి కంట పడింది.

ఆదివారం వీణ ప్లేట్లో పడ్డ దోసె ఎందుకో బొద్దుగా ఉంది. మడత విప్పితే లోపల నిండా ఉప్మా!

"ఇదేందాంటీ?"

"రెండూ తినేవాళ్లకు ఇదేనమ్మా. మా తెనాలి వైపు పెసరట్టులో ఇలాగే పెడతారు. ఉప్మా పడదంటావా, చెప్పు, ఉత్త దోసె వేయిస్తాను."

వెనక హాస్టలంతా వరసలో నిలబడి చెవులొగ్గి వింటోంది. ఒప్పుకుంటే పరువు పోతుందని వీణ కళ్లు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. రెండో ముక్కను అల్లం చట్నీలో ముంచి మింగింది. మూడో ముక్క దగ్గర ఆంటీని తిట్టుకోవడం మరిచిపోయింది.

ప్లేటు ఖాళీ చేసి, నిహారిక వైపు చూడకుండా, మళ్లీ వెళ్లి వరస చివర నిలబడింది.