ఫొటోలో మూడో మనిషి

హౌరా దగ్గరి సంత్రాగాఛి తెలుగువాళ్లకి ఆ ఫొటో అంటే ఎంత గొప్పో సత్యానందానికి అంత విసుగు. యాభై ఏళ్ల కిందటి రైలు సమ్మెలో పట్టాల మీద బైఠాయించిన నలుగురు మనుషులు. మూడోవాడి ముఖం మాత్రం నీడలో ఉంటుంది.

అప్పట్లో ఫొటోగ్రాఫరు దగ్గర పనికుర్రాడిగా డార్క్‌రూమ్‌లో దాన్ని ప్రింటు వేసినవాడు సత్యానందమే. అందుకే, సంఘం హాల్లో పాత ఫొటోల ప్రదర్శన పెడుతున్న మనోజ్ఞ, ఐటీ ఉద్యోగం చేసుకునే పిల్ల, సింహాచలమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

"కింద పేర్లు రాయాలి తాతగారూ. మూడో మనిషి తన భర్త గురువులే అంటున్నారు మామ్మగారు. ఆయన సమ్మెలో కూర్చోనేలేదు, భయపడి పారిపోయాడు అంటున్నారు మిగతావాళ్లు."

సత్యానందం కళ్లు మూసుకున్నాడు. ఎన్నిసార్లు అడుగుతారు బాబూ, ఈ లోకానికి వేరే పని లేదా!

గురువులు కూర్చున్నాడు. మొదటిరోజు అందరికంటే ముందు కూర్చున్నవాడే అతను. ఆ రోజు ఫొటోగ్రాఫరు తీసిన రీలు కడిగేటప్పుడు తలుపు గడియ వేయడం మరిచిన దద్దమ్మ సత్యానందం. వెలుగు పడి రీలంతా పాడైపోయింది. మర్నాడు ఫొటోగ్రాఫరు తక్కిన ముగ్గురినీ పోగేసి మళ్లీ కూర్చోబెట్టాడు. గురువులు అప్పటికే కనిపించడం లేదు. పోలీసులు పట్టుకుపోయారని కొందరన్నారు. మనిషి మళ్లీ రానేలేదు. "పాడుచేసింది నువ్వేగా, నువ్వే కూర్చో" అని, గురువులు ఇంటి ముందు దండెం మీద ఆరుతున్న అతని చొక్కా తీసి సత్యానందానికి తొడిగించాడు ఆ మహానుభావుడు. సిగ్గుతో చచ్చిపోయిన సత్యానందం ప్రింటు వేసేటప్పుడు అట్టముక్కకి చిల్లుపెట్టి, తన ముఖం మీద మాత్రం వెలుగు ఎక్కువసేపు పడనిచ్చి నల్లబరిచేశాడు; ప్రింటు కాగితం మీద వెలుగు ఎంత పడితే అంత నలుపు. ఆ ముగ్గురూ నిజం చెప్పకుండానే పోయారు. పోనీ ఇన్నేళ్లలో తనైనా నోరు విప్పాడా అంటే, అదీ లేదు.

ఇప్పుడు ఫొటో సంగతి నిజం చెబితే గురువులు కూర్చున్న సంగతి అబద్ధమైపోతుంది.

"మా గురువులన్నే," అన్నాడు. "రాసుకో అమ్మా."

మనోజ్ఞ రాసుకుంది. ఫోను మోగితే బయటికి వెళ్లింది. సింహాచలమ్మ కదల్లేదు.

"ఆ సొక్కా భుజం మీద అతుకు నాను ఏసిందే," అంది. "కూకున్న తీరు సూసి, నోపలున్నది నువ్వని ఆనాడే తెలుసు నాకు."

సత్యానందం ఆమె వైపు తిరిగాడు. "మరి ఇన్నేళ్లూ అడగలేదేటి వదినా?"

"నువ్వే తెచ్చి ఇస్తావనుకున్నాను. ఆయనకున్నవి రెండే సొక్కాలు. ఒకటి ఏసుకుని పోనాడు. రెండోది నీకాడ ఉండిపోనాది. దాన్నేటి సేసావు, సత్యానందం?"