సూరమ్మ మడిచిన మూల

నేను ఒక బైండు పుస్తకాన్ని. ప్రెస్సులో పుట్టలేదు, కత్తెరకీ సూదికీ పుట్టాను. నా అట్ట మీద పేరు లేదు, ధర లేదు, లోపల ముందుమాట లేదు. ఉన్నవల్లా డెబ్బై రెండు బొమ్మల కాగితాలు. నాకు కోపం కొంచెం ఎక్కువ. ఎందుకో చెప్తే మీరూ కాదనరు.

ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కనకవల్లి అని ఒక ఆపరేటరు ఉండేది. ఆవిడ ఒక వారపత్రిక తెప్పించుకునేది. అందులో వచ్చే నవలల కోసం కాదు, వెనకవైపు వచ్చే బొమ్మల కథ కోసం. గోదావరి మీద పడవ నడిపే ఒక ఆడమనిషి కథ అది. వారానికి ఒక్క కాగితం, రెండువైపులా బొమ్మలు. పత్రిక వచ్చిందంటే పొయ్యి మీద పాలు పొంగిపోవలసిందే. కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కథ సంగతి తరవాత, ముందు గీత చూసేది. వాన పడుతోందని చెప్పడానికి ఎవరైనా ఏటవాలుగా నాలుగు గీతలు గీస్తారు. ఇతను ఒక్క గీతా గీయలేదు. రేవులో నిలబడ్డవాళ్ళ భుజాలు ముడుచుకుపోయినట్టు వేశాడు, చూసేవాళ్ళకి చలేసింది. తెడ్డు పట్టిన చేతిలో బొటనవేలు ఎటు నొక్కుతుందో కూడా అతనికి తెలుసు.

"పడవెక్కనివాడు ఈ చెయ్యి వెయ్యలేడండీ అత్తయ్యా," అనేది కనకవల్లి.

ఆ అత్తయ్య సూరమ్మ. ఆవిడకి చదువు రాదు. బొమ్మల్లో ఉన్న మాటలు కోడలు చదివి వినిపించబోతే, "నువ్వు సదవకే. బొమ్మే సెప్తంది గదా, నన్ను సూడనీ," అని కాగితం లాక్కునేది. నన్నడిగితే ఆ ఇంట్లో అసలైన పాఠకురాలు ఆవిడే.

అత్తాకోడళ్ళిద్దరూ ఆ బొమ్మలేసే ఆయన్ని 'మనవాడు' అనేవారు. ఈ వారం మనవాడు ఎద్దు ముట్టె భలే వేశాడనీ, మనవాడికి జ్వరం వచ్చిందేమో గీత నీరసంగా ఉందనీ మాట్లాడుకునేవారు. ఇంత ప్రేమా ఉండి, మనవాడి పేరేమిటో ఒక్కరికీ పట్టలేదు. కథ రాసినాయన పేరు పైన పప్పుబద్దలంత అక్షరాల్లో వేసేవారు. బొమ్మలు వేసినాయన సంతకం చివరి బొమ్మ కింద, మూలగా, కాగితం అంచుకి ఆనుకుని చీమ తలకాయంత ఉండేది. ప్రతి వారం అతను పెట్టాడు. ప్రతి వారం వీళ్ళు చూసీ చూడనట్టు వదిలేశారు. మనుషుల అభిమానం ఇంతే. పాయసం లొట్టలేసుకుంటూ తాగుతారు, వండిందెవరని అడగరు.

ఒక వారం కథలో వరద తగ్గింది. ఆ కాగితం వెనకవైపు ఒక్క మాట కూడా లేదు. ఒక ముసలమ్మ గుమ్మంలో గొంతుక్కూర్చుని, బిందెకి పట్టిన ఒండ్రుమట్టిని కొబ్బరిచిప్పతో గీకుతోంది. అంతే. సూరమ్మ ఆ కొబ్బరిచిప్ప మీద వేలు పెట్టి చూసింది. "మా యమ్మా ఇలాగే గీకిందే," అంది. మళ్ళీ వెతుక్కోవడానికి గుర్తుగా కింది మూల లోపలికి మడిచి, గోటితో గట్టిగా నొక్కింది.

కనకవల్లి అది చూసి అగ్గి మీద గుగ్గిలమైంది. "ఎన్నిసార్లు చెప్పానండీ మడతలు పెట్టొద్దని? ఇవి దాచుకునేవి. బొమ్మల విలువ మీకేం తెలుసు?"

సూరమ్మ కాగితం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత తనంత తానుగా ఏ బొమ్మా అడగలేదు. కోడలు చూపిస్తే చూసేది.

కథ ముగిశాక కనకవల్లి ఆ కాగితాలన్నీ కత్తిరించి, మిగతా పత్రికలు పాతకాగితాల బండికి వేసేసింది. ఆ రోజుల్లో సీరియళ్ళు అలా విడదీసి బైండు చేయించుకోని ఇల్లు లేదు. బైండింగు చేసే మస్తాన్ గారు కాగితాలు తిరగేసి, "అమ్మా, బొమ్మలు అంచు దాకా ఉన్నాయి. మిషన్ కింద పెడితే అరంగుళం పోద్ది. కొయ్యకుండా కుట్టెయ్యమంటారా?" అని అడిగాడు. మంచివాడు, అడిగాడు.

"ఎగుడుదిగుడుగా ఉంటే ఏం బాగుంటుందండీ? గీత గీసినట్టు కోసెయ్యండి," అంది మా మహాతల్లి.

కోసేశాడు. డెబ్బై ఒక్క సంతకాలు సన్నటి పేలికలై చెత్తబుట్టలో పడ్డాయి. డెబ్బై రెండోది సూరమ్మ మడిచిన మూలలో ఉంది కాబట్టి కత్తికి అందలేదు. మస్తాన్ గారి వేలికున్న మైదా జిగురు ఆ మడతకి తగిలి అది అక్కడే అంటుకుపోయింది. ఇదంతా నాకు తెలుసు. నా ఒంట్లో ఉన్నది నాకు తెలియదా? చెప్పే దారి లేదు, అదీ నా ఖర్మ.

పత్రికలో కొత్త బొమ్మల కథ మొదలైంది. వేసింది వేరే ఎవరో. అందులో మనుషులు కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. మనవాడి చేత మళ్ళీ వేయించమని రాద్దామని కనకవల్లి కార్డు తీసింది. ఎవరి చేత అని రాయాలి? అప్పుడు వెలిగింది బుర్రలో, మూలన సంతకం ఉండేదని. నన్ను తెచ్చి పేజీ పేజీ తిరగేసింది. ప్రతి పేజీలోనూ అంచు నున్నగా, గీత గీసినట్టు ఉంది. ముసలమ్మ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అత్తగారిని అన్న మాట గుర్తొచ్చి గబుక్కున తిప్పేసింది. మడత ఊడదీస్తే చిరుగుతుందన్న భయం ఒకటి. నాకు ఒళ్ళు మండిపోయింది.

పడవ కథకి బొమ్మలు వేసినవారి పేరు తెలపండి అని పత్రికకి రాసింది. నెల తరవాత జవాబొచ్చింది: "మీ అభిమానానికి కృతజ్ఞతలు. మీ ఉత్తరాన్ని రచయితగారికి అందజేశాము." మళ్ళీ రాసింది. మళ్ళీ అదే జవాబు. కొన్నేళ్ళకి పత్రికే మూతపడింది. సూరమ్మ పోయింది. కనకవల్లి రిటైరైంది. చూడవచ్చినవాళ్ళంతా, "బొమ్మల కథేగా, పిల్లలకిచ్చెయ్యకపోయారా," అనేవారు. ఆ మాట అన్నవాళ్ళకి ఆవిడ రెండోసారి కాఫీ ఇచ్చేది కాదు.

మొన్నీమధ్య ఊళ్ళో లైబ్రరీవాళ్ళు పాత బొమ్మల కథలతో ప్రదర్శన పెడుతున్నారని హేమసుందర్ అనే అతను ఇంటికి వచ్చాడు. నన్ను తెరిచి, వాన బొమ్మ దగ్గర ఆగిపోయాడు. "ఎవరండీ ఈయన?" అన్నాడు.

ముప్పై ఆరేళ్ళకి ఒక మనిషి ఆ ప్రశ్న అడిగాడు. "పేరు తెలీదు బాబూ," అంది కనకవల్లి.

"అయితే చిత్రకారుడు తెలియదని పక్కన పెట్టే కార్డు మీద రాస్తానండి."

"అలా రాయకండి బాబూ."

"ఏదో ఒకటి రాయాలి కదండీ. పోనీ కథ రాసినాయన పేరు పెట్టెయ్యమంటారా?"

కనకవల్లి తల అడ్డంగా ఊపింది. దోషం తనదేననీ, కొయ్యమన్నది తనేననీ చెప్పింది. ఏ పేజీ తెరిచి పెట్టాలని అతనడిగితే, "ముసలమ్మ బొమ్మ పెట్టండి. మా అత్తయ్యగారికి అదే ఇష్టం," అంది.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే ఆవిడా వెళ్ళింది. అద్దాలపెట్టె ముందు హేమసుందర్ తడిదూదితో ఆ మడతని మెల్లగా నానబెట్టి విప్పాడు. మూల విచ్చుకుని, మిగతా అంచు కంటే అరంగుళం బయటికి పొడుచుకొచ్చింది.

"ఛ, అసహ్యంగా ఉంది. దీన్ని సమానంగా కత్తిరించేస్తానుండండి," అని కత్తెర తీశాడు.

కనకవల్లి అతని మణికట్టు పట్టేసుకుంది. అంత వయసులో ఆ పట్టు ఎక్కడిదో మరి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు కాగితానికి ఆనేంత వంగింది. చీమ తలకాయంత అక్షరాలు నాలుగు. పోలినాటి.

కుర్చీలో కూలబడి ఏడ్చింది. "ఆవిడకి విలువ తెలీదన్నానండీ నేను," అంది. హేమసుందర్‌కి ఏమీ అర్థం కాలేదు, కానీ కత్తెర జేబులో పెట్టేసుకుని కార్డు మార్చి రాశాడు.

ఇప్పుడు నేను అద్దాల కింద ఉన్నాను. వచ్చేవాళ్ళలో సగంమంది ఇప్పటికీ కథ ఎవరిదని అడుగుతారు. ఇంకొందరు నా మూల చూపించి, ఇంత మంచి పుస్తకాన్ని ఇలా పాడుచేశారేమిటని విసుక్కుంటారు. వాళ్ళతో నాకు పని లేదు. ఆ మొదటి రోజు జనం వెళ్ళిపోయాక కనకవల్లి అద్దం దగ్గరికి వచ్చింది. బయటికి పొడుచుకొచ్చిన మూల మీద, అద్దంపైనే, వేలు పెట్టింది.

"మనవాడి పేరు పోలినాటి అటండీ అత్తయ్యా," అని చదివి వినిపించింది.